సౌందర్య సినిమాలకూ ఒక వారం ఇవ్వండి: కర్నూలు థియేటర్ల యజమానులకు బహిరంగ లేఖ

అన్నలకు నమస్కారం.

కర్నూలు, నంద్యాల, ఆదోని, ఎమ్మిగనూరు ఊళ్లలో సినిమా హాళ్లు నడుపుతున్న మీకూ, సీడెడ్‌కు, అంటే మన రాయలసీమకు, సినిమాలు కొనే బయ్యర్లకూ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. నేను కర్నూల్లో టైలరింగ్ షాపు పెట్టుకున్న మనిషిని. జాకెట్లు, చుడీదార్లు కుడతాను. మా ఆయన ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఒక హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. కాబట్టి హాలు నడపడంలో ఉన్న కష్టం దూరంనుంచి చూసి మాట్లాడుతున్నదాన్ని కాదు.

నేను అడిగేది ఇది. జులై 18 సౌందర్య పుట్టినరోజు. ఆ వారం ఏదో ఒక స్క్రీన్ మీద మధ్యాహ్నం ఆటలకు ఆమె సినిమాలు నాలుగు వేయండి. అమ్మోరు, పవిత్ర బంధం, అంతఃపురం, ద్వీప. ఆమె చేసినవాటిలో ఈ నాలుగే ఎందుకు, మన జిల్లాలో ఎందుకు అన్నది కింద రాస్తున్నాను. కొంచెం ఓపిక చేసుకుని చదవండి.

రీరిలీజుల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2022 ఆగస్టులో పోకిరి, సెప్టెంబరులో జల్సా, 2023 జనవరిలో ఒక్కడు. ఆ తర్వాత ఇక వరస తెగలేదు. హీరో పుట్టినరోజు వస్తే పాత సినిమా 4కెలో పడాల్సిందే, హాలు బయట బ్యానర్లు కట్టాల్సిందే. ఒక్కడులో మన కొండారెడ్డి బురుజు ఉంది కాబట్టి ఆ సంబరం నాకూ అర్థమవుతుంది. అభిమానులు పండగ చేసుకోవడం మంచి సంగతే. అయితే ఆ ఆటలకు వచ్చే జనంలో ఆడవాళ్లు ఎంతమంది ఉంటున్నారో ఒక్కసారి చూడండి. నలభై దాటిన ఆడవాళ్లు ఎంతమందో ఇంకా జాగ్రత్తగా చూడండి.

మా షాపుకు వచ్చేవాళ్లను అడుగుతుంటాను, హాల్లో సినిమా చూసి ఎన్నాళ్లయింది అని. చాలామందికి గుర్తు తెచ్చుకోవడానికే కాసేపు పడుతుంది. ఒకప్పుడు మీ హాళ్లు నింపింది వీళ్లే. పొద్దున్నే వంట తేల్చుకుని, చంటిదాన్ని చంకనేసుకుని, పక్కింటావిడను కేకేసి పిలుచుకుని మ్యాట్నీకి నడిచి వచ్చినవాళ్లు. లేడీస్ క్యూలో ఎండకు నిలబడి టికెట్ తెచ్చుకున్నవాళ్లు. తొంభైల్లో వీళ్లను ఇంట్లోంచి హాలు దాకా రప్పించిన పేరు సౌందర్య. పోస్టరు మీద ఆమె బొమ్మ ఉంటే ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా అన్న నమ్మకం ఉండేది. మామగారి పక్కన కూర్చుని చూసినా తల దించుకోవాల్సిన పని ఉండదని కోడళ్లు ధైర్యంగా వచ్చేవాళ్లు.

ఆమె మనకు మరీ పరాయిది కాదు. పుట్టింది కోలారు జిల్లా ముళబాగిలు వైపు. మన సీమ పొలిమేర దాటితే వచ్చే ఊరే. 1992లో కన్నడంలో మొదలుపెట్టి, 1993లో మనవరాలి పెళ్లితో తెలుగుకు వచ్చింది. అదే ఏడాది రాజేంద్రుడు గజేంద్రుడు, మాయలోడు వచ్చాయి. ఇక ఆగలేదు. వెంకటేశ్, చిరంజీవి, నాగార్జున, మోహన్‌బాబు, జగపతిబాబు, అందరి పక్కనా చేసింది. 2004 ఏప్రిల్ 17న, ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన చిన్న విమానం బెంగళూరులో కూలిపోయి, తోబుట్టువు అమరనాథ్‌తో పాటు కన్నుమూసింది. పన్నెండేళ్ల నట జీవితం, అంతే.

కుట్టుమిషను ముందు కూర్చునేదాన్ని కాబట్టి నా వృత్తి వైపునుంచి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా దగ్గరికి గుడ్డ తెచ్చేవాళ్లు "అక్కా, సౌందర్య చేతులు పెట్టు" అనేవాళ్లు. అంటే చెయ్యి మోచేతికి కొంచెం పైన ఆగాలి, అంచు చీర అంచుతో కలవాలి, మెడ మరీ లోతుగా ఉండకూడదు. ఆ జాకెట్ కుట్టడం తేలికే, సరిగ్గా కూర్చోబెట్టడం కష్టం. భుజం దగ్గర పావు అంగుళం తేడా వచ్చినా చెయ్యి ఎత్తినప్పుడు లాగుతుంది. సౌందర్య చీర కట్టుకుని పరిగెత్తేది, డాన్సు చేసేది, బిందె ఎత్తేది, ఎక్కడా పైట సర్దుకుంటున్నట్టు కనపడేది కాదు. చీరలో పనిచేసుకునే మామూలు ఆడమనిషి ఎట్లా కదులుతుందో అట్లాగే కదిలేది. అందుకే మా ఆడవాళ్లు ఆమెలో తమను చూసుకున్నారు. అందాన్ని చూసి ముచ్చటపడ్డవాళ్లు కూడా మొదట చూసింది ఆ కదలికనే అని నేను నమ్ముతాను.

ఇక సినిమాలు. వారం అమ్మోరుతోనే మొదలుకావాలి. 1995లో వచ్చింది, కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత. కంప్యూటర్ గ్రాఫిక్స్ అంటే ఏమిటో మన జనానికి తెలియని రోజులు. మా ఆయన ఆ సినిమా ఆడినన్ని రోజులూ క్యాబిన్‌లో ఉన్నాడు. ఒక్కో పెద్ద రీలు ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఒక ప్రొజెక్టర్ మీద రీలు అయిపోతుండగా తెర మూలన చుక్క పడగానే రెండోది అందుకోవాలి. ఆఖరు రీళ్లకు వచ్చేసరికి కింద హాల్లో ఆడవాళ్లకు పూనకాలు వచ్చేవట. ఎవరో ఒకరు కర్పూరం వెలిగించేవాళ్లు, గేటు మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి ఆర్పేవాడు. క్యాబిన్ కిటికీలోంచి తెరను చూడాల్సినవాడు జనాన్ని చూస్తూ ఉండిపోయి చుక్క ఎక్కడ తప్పిపోతుందోనని భయపడేవాణ్నని ఇప్పటికీ చెబుతాడు.

అమ్మోరు అనగానే అందరూ రమ్యకృష్ణ ఉగ్రరూపం తలుచుకుంటారు. తలుచుకోవాల్సిందే. అయితే ఆ రూపం ఎప్పుడు వస్తుందా అని హాలంతా ఊపిరి బిగబట్టి చూసేటట్టు చేసింది సౌందర్య. ఆమె చేసిన భవాని దిక్కులేని పిల్ల. మొగుడు డాక్టరు, అమెరికా పోతాడు. ఇంట్లో ఉన్నవాళ్లు నరకం చూపిస్తారు. సినిమా సగం ఆ పిల్ల మోసే కష్టమే. ఆ కష్టం నిజమనిపించకపోతే దేవత వచ్చినా ఎవరూ దండం పెట్టరు. సుంకులమ్మకో, పెద్దమ్మకో, మారెమ్మకో మొక్కుకునే మన ఊళ్ల ఆడవాళ్లు ఏ బాధలో ఉండి మొక్కుకుంటారో భవాని ముఖంలో కనపడుతుంది. ఆ సినిమాను ఫోన్లో చూస్తే అందులో సగం పోతుంది. హాల్లో, పక్కన ఇంకో వందమంది ఆడవాళ్లు ఉండగా చూడాల్సిన సినిమా అది.

పవిత్ర బంధం గురించి పెద్దగా వాదించను, అది తెలియనివాళ్లు తక్కువ. 1996, ముత్యాల సుబ్బయ్య దర్శకత్వం. ఏడాదిపాటు ఒప్పందం మీద పెళ్లి అనే కథ. బాలసుబ్రహ్మణ్యం గారు మామగా చేశారు. సౌందర్యకు ఆ ఏడాది ఉత్తమ నటిగా నంది వచ్చింది. ఈ కాలం పిల్లలు ఆ కథలో కొన్ని మాటలకు ఒప్పుకోరు. మా అమ్మాయి ఒప్పుకోలేదు, ఆ ఒప్పందానికి అసలు సరే ఎందుకు అనాలి అని నాతో వాదించింది. వాదించనీ. గడువు తీరాక ఆ ఇంటినుంచి వచ్చేసే రాధగా సౌందర్య ముఖంలో బతిమాలడం లేదు, కోపం కూడా పెద్దగా లేదు. పని పూర్తిచేసి లెక్క అప్పజెప్పి బయటికి నడిచే మనిషి నిబ్బరం ఉంది. వెంకటేశ్‌తో ఆమె చేసిన సినిమాలన్నిటిలో నాకు ఇష్టమైన ఘట్టం అది. ఆ జంటను ఇష్టపడేవాళ్లకు మరుసటి ఏడాది వచ్చిన పెళ్లి చేసుకుందాం, 1999లో వచ్చిన రాజా కూడా ఉన్నాయి. అత్యాచారానికి గురైన అమ్మాయి పెళ్లి గురించి తీసిన పెళ్లి చేసుకుందాం చూసి వచ్చి మా వీధిలో ఆడవాళ్లు గొంతు తగ్గించి చాలా రోజులు మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఆ విషయం మాట్లాడనే లేదు వాళ్లు.

నా అసలు మనవి మూడో సినిమా గురించి.

అంతఃపురం 1998 చివర్లో వచ్చింది. కృష్ణవంశీ దర్శకుడు, ఇళయరాజా సంగీతం. కథ మన సీమది. మారిషస్‌లో కాపురముంటున్న భానుమతి, మొగుడు ప్రకాశ్, చిన్న కొడుకు. మొగుడు తన వాళ్లంటూ ఎవరూ లేరన్నట్టే బతుకుతుంటాడు. సీమలో తల్లిదండ్రులున్నారని తెలిశాక అందరూ బయల్దేరి వస్తారు. వచ్చీరాగానే చుట్టూ కత్తులు, బాంబులు, కాపలా మనుషులు. మామ నరసింహ ఫ్యాక్షన్ నాయకుడు, ప్రకాశ్‌రాజ్ చేశాడు. ఆ పగల్లో మొగుడు చచ్చిపోతాడు. మనవణ్ని వారసుడిగా ఇక్కడే ఉంచి పెంచాలంటాడు మామ. నా బిడ్డను ఈ నెత్తుట్లో పెరగనివ్వనంటుంది భానుమతి. కథంతా ఆ పంతమే.

ఆ సినిమా వచ్చిన నెలన్నరకే, 1999 సంక్రాంతికి, సమరసింహారెడ్డి వచ్చింది. పెద్ద హిట్టు. ఒకే కాలంలో సీమ గురించి రెండు సినిమాలు, రెండు దార్లు. సినిమావాళ్లు రెండో దారి పట్టారు. 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. ఆ తర్వాత లెక్కలేనన్ని. గాల్లో లేచే సుమోలు, తొడగొట్టే హీరోలు, ఒక్క వేటుకు ఇరవైమంది. అవి ఆడాయి, మీకు డబ్బులు వచ్చాయి, మన పిల్లలే ఈలలేసి చూశారు. కాదనను. కానీ మా అమ్మాయి చదువుకోసం హైదరాబాద్ హాస్టల్‌కు పోయిన మొదటి రోజే, కర్నూలు అని చెప్పగానే, మీ ఇంట్లో బాంబులుంటాయా అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. అది ఫోన్లో నాతో చెబుతూ ఏడ్చింది. వాళ్లకు సీమ అంటే ఆ సినిమాల్లో చూసిందే.

ఫ్యాక్షన్ మన జిల్లాల్లో నిజంగానే ఉండింది. దాన్ని దాచమని నేను అనను. అయితే చంపినవాడి మీసం చూపించినన్ని సార్లు, చచ్చినవాడి ఇంటి వసారా చూపించారా? పొద్దున్నే పొలానికి పోయిన మనిషి సాయంత్రం వస్తాడో రాడోనని వాకిట్లో కూర్చున్న ఆడమనిషిని ఎన్ని సినిమాల్లో చూశాం? అంతఃపురంలో కథంతా ఆ మనిషి కళ్లతోనే నడుస్తుంది. ఆ మనిషి సౌందర్య.

ఆ సినిమాలో ఆమెను దగ్గరగా చూడండి. మొదట్లో ఆమెకు భయం కూడా పూర్తిగా తెలియదు, ఇది ఎక్కడి లోకం అని ఆశ్చర్యపోయి చూస్తుంటుంది. మొగుడు పోయాక ఆ కళ్లే మారిపోతాయి. ఏడుపు ఆగిన చోటినుంచి తెగువ మొదలవుతుంది. ఎవ్వరూ తలెత్తి మాట్లాడని మామ ముందు నిలబడి మాట్లాడేటప్పుడు గొంతు వణుకుతూనే ఉంటుంది. వణుకుతున్నా మాట ఆగదు. గొప్ప డైలాగు చెబుతున్నానన్న స్పృహ ఎక్కడా ఉండదు. ఆ ఇంటి అత్త శారద. ఏళ్ల తరబడి నోరు మూసుకుని శవాలు లెక్కపెట్టిన మనిషి. కోడలి తెగువ చూశాకే ఆమెకు నోరు వస్తుంది, బిడ్డను తీసుకుని పారిపొమ్మని దారి చూపిస్తుంది. ఆ అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్న దృశ్యాల కోసమైనా ఆ సినిమా మన ఊళ్లో మళ్లీ పడాలి. అత్తలూ కోడళ్లూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చూడాలి. జగపతిబాబు చేసిన సారాయి వీర్రాజు గురించి కూడా ఒక పేజీ రాయొచ్చు, కానీ ఇది సౌందర్య కోసం రాస్తున్న లేఖ.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ సినిమాను ఇప్పుడు చూసే పిల్లలు ఆ పగల కాలం తర్వాత పుట్టినవాళ్లు. వాళ్లకు మన ఊరి గతం సుమోల్లో తెలియడం కంటే భానుమతి ముఖంలో తెలియడం మేలు. ఇది నేను ఊరికే అనడం లేదు. మా షాపుకు వచ్చేవాళ్లలో ఆ రోజుల్లో మొగుళ్లను పోగొట్టుకున్నవాళ్లున్నారు. కొలతలు ఇచ్చేటప్పుడు వాళ్లు మాట్లాడే మాటలు ఏ సినిమాలోనూ నేను వినలేదు, ఒక్క అంతఃపురంలో తప్ప.

నాలుగోది ద్వీప. ఈ పేరు మీలో కొందరికి కొత్త కావచ్చు. కన్నడ సినిమా. గిరీశ్ కాసరవల్లి దర్శకుడు, నిర్మాత స్వయంగా సౌందర్య. హీరోయిన్‌గా నాలుగు భాషల్లో చేతినిండా పని ఉన్న రోజుల్లో, తన డబ్బు పెట్టి ఇట్లాంటి సినిమా తీసింది. దానికి జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. పాటల్లేవు, ఫైట్లు లేవు. డ్యాము కట్టడంతో నీళ్లు పెరిగి మునిగిపోతున్న ఒక కొండ ఊరు. పరిహారం తీసుకుని ఊరంతా కదిలిపోతుంది. ఒక పూజారి కుటుంబం మాత్రం కదల్లేకపోతుంది. ముసలి మామ, మొగుడు, కోడలు నాగి. నాగి సౌందర్య. వాన పడుతూనే ఉంటుంది, నీళ్లు పైకి వస్తూనే ఉంటాయి.

కర్నూలు వాళ్లకు ఈ కథ ఇంకొకరు చెప్పాలా? 1981లో శ్రీశైలం డ్యాము నీళ్లు వెనక్కి తన్నినప్పుడు మన జిల్లాలో ఎన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయో మీకు తెలుసు. మా అమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. 98 జీవో ప్రకారం ఉద్యోగం ఇవ్వమని కలెక్టరాఫీసు ముందు కూర్చున్న నిర్వాసితుల పిల్లలను ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాం. సంగమేశ్వరం గుడి ఎండాకాలం బయటపడుతుంది, వానాకాలం మళ్లీ మునుగుతుంది. వేపలింగం నీళ్లలోకి పోయే ముందు పూజారి ఇచ్చే ఆఖరు హారతి ఫోటో ప్రతి ఏడాదీ పేపర్లో వస్తుంది. జులై, ఆగస్టు అంటే సరిగ్గా ఆ నీళ్లు పెరిగే రోజులే. ఆ వారంలో కర్నూల్లో ద్వీప పడితే అది పరాయి భాష సినిమాగా ఉండదు.

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆ సినిమాను మా అమ్మకు చూపించాం. అమ్మకు కన్నడం రాదు. మధ్యలో మాట చెప్పబోతే వద్దని చెయ్యి ఊపింది, తెలుస్తోందిలే అంది. నాగి ఆ ఇంటిని పట్టుకుని నిలబడటం, మొగుడి దిగులును కూడా తనే మోయడం, అర్ధరాత్రి నీటి చప్పుడు వింటూ కూర్చోవడం, అన్నీ కదలకుండా చూసింది. చివరికి గండం గడిచాక మొగుడు అంతా దేవుడి దయ అంటాడు, నాగి చేసిందేమీ లెక్కలోకి రాదు. సౌందర్య అక్కడ ఏమీ అనదు. సినిమా అయిపోయాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "వాళ్ల గొడ్లు ఏమైనాయి పాపా?" అని. తమ ఊరు ఖాళీ చేసినప్పుడు మా తాత ఎద్దులను సంతలో ఏ ధరకు తెగనమ్మాడో అప్పుడు చెప్పింది. అంతకుముందెప్పుడూ ఆ మాట నాతో అనలేదు.

ఆదోని, ఆలూరు, కౌతాళం, హొళగుంద వైపు కన్నడం ఇళ్లలోనే మాట్లాడుకుంటారు కాబట్టి ఆదోని హాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. కర్నూలు, నంద్యాలలో అడుగున తెలుగు అక్షరాలు వేయించండి. ద్వీపకు హాలు నిండుతుందని నేను హామీ ఇవ్వను. ఒకే ఒక్క ఆట వేయండి, నిర్వాసితుల ఊళ్లకు ముందుగా కబురు పెట్టండి. ఆ ఒక్క ఆటకు వచ్చేవాళ్లు ఊరికే పొద్దుపోక వచ్చేవాళ్లు కారు.

మీ వైపు ఇబ్బందులు కూడా ఆలోచించాను. మొదటిది ప్రింటు. పాత నెగటివ్ దొరకాలి, ఫ్రేము ఫ్రేము స్కాన్ చేసి మచ్చలు తుడవాలి, రంగులు దిద్దాలి, అప్పుడు గానీ డిజిటల్ కాపీ రాదు. అది కర్నూల్లో జరిగే పని కాదు, నిర్మాతలు పూనుకోవాలి. వాళ్లు పూనుకోవాలంటే అడిగేవాళ్లుండాలి. సీడెడ్ బయ్యర్లు నలుగురు కలిసి మాకు ఈ సినిమాలు కావాలి అని అడిగితే ఆ మాటకున్న బరువు నా ఉత్తరానికి ఉండదు. 4కె లేకపోయినా పర్వాలేదు, ఉన్నంతలో శుభ్రమైన కాపీ, మాట స్పష్టంగా వినపడే సౌండు ఉంటే మాకు చాలు.

రెండోది టికెట్లు ఎవరు కొంటారన్నది. హీరోలకు అభిమాన సంఘాలున్నాయి, ముందే డబ్బు కట్టి ఆటలు తీసుకుంటాయి. సౌందర్యకు సంఘం లేదు. కానీ మన జిల్లాలో పొదుపు సంఘాలున్నాయి. ఓర్వకల్లు పొదుపు మహిళల పేరు దేశమంతా తెలుసు. నెలనెలా వాయిదా తప్పకుండా కట్టే ఆడవాళ్లకు ఒక మ్యాట్నీ మొత్తం మాట్లాడుకోవడం పెద్ద పని కాదు. మా వీధి గ్రూపులో ఇప్పటికే అడిగాను. అంతఃపురం వేస్తే వస్తామన్నారు, అమ్మోరు వేస్తే అమ్మలనూ అత్తలనూ తీసుకుని వస్తామన్నారు.

మూడోది మీరు చేయాల్సింది. ఆట మధ్యాహ్నం రెండు, రెండున్నరకు ఉండాలి, అర్ధరాత్రి స్పెషల్ షోలు మాకు పనికిరావు. టికెట్ కౌంటర్లో చేతికి ఇవ్వాలి, ఫోన్లో బుక్ చేసుకోవడం మా అమ్మలాంటివాళ్లకు రాదు. ఆడవాళ్ల బాత్‌రూములు కడిగించి, గడియ పడే తలుపులు పెట్టించండి. చాలామంది ఆడవాళ్లు హాలుకు రావడం మానేసింది దీనికే. బయటికి చెప్పుకోరు, అంతే. రేటు మామూలు రేటే పెట్టండి. పోస్టరు మీద సౌందర్య బొమ్మ పెద్దదిగా వేయించి, హీరో బొమ్మను చిన్నదిగా పక్కన పెట్టించండి. ఆ ఒక్క వారానికి అట్లా ఉండనివ్వండి.

ఈ నాలుగూ ఆడితే వచ్చే ఏడాదికి ఇంకో జాబితా నా దగ్గర సిద్ధంగా ఉంది. చూడాలని ఉంది పాటలకోసం, రాజేంద్రుడు గజేంద్రుడు పిల్లలకోసం. ఇంకొకరి బిడ్డను కడుపున మోసే తల్లి కథ 9 నెలలు, విక్రమ్ పక్కన చేసింది. 2001లో వచ్చినప్పుడు ఎక్కువమంది చూడలేదు, ఇప్పుడు చూడాలి. ఆమె పోయాక విడుదలైన ఆప్తమిత్ర కూడా ఆదోని వైపు కన్నడంలోనే వేసుకోవచ్చు.

మా ఆయన ఒక మాట రాయమన్నాడు. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక క్యాబిన్‌లో అతని పని పోయింది. ఇప్పుడు నా షాపులోనే బొత్తాలు, హుక్కులు కుడతాడు, అంచులు మడుస్తాడు. అమ్మోరు వేసే రోజు హాల్లో జనాన్ని కూర్చోబెట్టడానికి, క్యూలు చూడటానికి, ఏ సాయం కావాలన్నా కూలి అడక్కుండా వస్తానన్నాడు. పాత గేటు మనుషులు ఇద్దరు ముగ్గురు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు, వాళ్లనూ పిలుచుకుని వస్తాడట.

మీలో ఏ ఒక్కరు సరే అన్నా జూన్ నెలలోపు చెప్పండి. ఊళ్లకు కబురు పెట్టడానికి, సంఘాల్లో డబ్బు పోగు చేయడానికి మాకు ఆ మాత్రం సమయం కావాలి. మొదటి రోజు అమ్మోరు మ్యాట్నీకి మా వీధి గ్రూపు టికెట్ల డబ్బు ముందుగానే మీ ఆఫీసులో కట్టేస్తాం.

ఇట్లు,
కర్నూలునుంచి ఒక టైలరు, సౌందర్య అభిమాని